కెమేరాలో చిన్న భూకంపము

మసకబారిన ఛాయాచిత్రమును చూడగానే మనవారు సాధారణముగా మూడు కారణములలో ఒకదానిని చెప్పుదురు: చేయి వణకినదని, ఫోకసు కుదరలేదని, లెన్సు మంచిది కాదని. ఈ మూడింటిలో ఏదైనను నిజము కావచ్చును. కాని కెమేరాను బలమైన ముక్కాలి స్టాండుపై బిగించి, వేలు తగులకుండ కేబులు రిలీజుతో నొక్కి, పేరుపొందిన లెన్సుతో, కదలని రాతిగోడపైనున్న శాసనమును చిత్రించినప్పుడు కూడ అక్షరముల అంచులు అలుక్కుపోయినట్లు వచ్చుట కలదు. అప్పుడు చేతిని నిందించుటకు వీలులేదు. గోడను నిందించుటకు అసలే వీలులేదు. ఆ నింద సామాన్యముగా లెన్సు నెత్తిన పడును. ఫోటోగ్రాఫరు తనకున్న లెన్సును అమ్మి, అప్పుచేసి అంతకంటె వెలగల లెన్సు కొనును. దానితో తీసిన చిత్రమును మునుపటివలెనే వచ్చును.

అసలు దోషి కెమేరా లోపలనే ఉన్నది. ప్రతి చిత్రమునకును ఒక రెప్పపాటు ముందు అది కెమేరాలో చిన్న భూకంపమును పుట్టించుచున్నది. ఆ భూకంపము ఎట్టిది, ఎంతసేపు ఉండును, దానినుండి చిత్రమును కాపాడుకొనుట ఎట్లు అనునవి ఫిల్ము కెమేరా చేతబట్టిన వారందఱును తెలిసికొనదగిన సంగతులు. ఏలయన, ఫిల్ముపై జరిగిన తప్పు ఆ క్షణమున కనబడదు. రీలు పూర్తియై, దానిని కడిగి ఆరవేసిన పిమ్మటగాని బయటపడదు. అప్పటికి మనము చిత్రింపదలచిన వస్తువు మన యెదుట ఉండకపోవచ్చును.

అద్దము చేయు పని

చూచుటయు, చిత్రించుటయు ఒకే లెన్సుతో జరుగు కెమేరాను సింగిల్ లెన్స్ రిఫ్లెక్సు కెమేరా అందురు. అందులో లెన్సునకు వెనుక, ఫిల్మునకు ముందు, 45 డిగ్రీల వాలులో ఒక అద్దము నిలిచియుండును. లెన్సులోనుండి వచ్చు వెలుగును అది పైకి మఱలించి మన కంటికి చేర్చును. కాబట్టి ఫిల్ముపై ఏది పడనున్నదో దానినే మనము ముందుగా చూడగలుగుచున్నాము. ఇది సామాన్యమైన సౌకర్యము కాదు. కాని అద్దము అడ్డముగా నున్నంతసేపు వెలుగు ఫిల్మును చేరజాలదు. అందుచేత మీట నొక్కగానే అద్దము స్ప్రింగు బలముతో పైకి లేచి, పైకప్పునకు తగిలి ఆగును. ఆ వెంటనే షట్టరు తెరచుకొనును.

వడిగా పోవు బండి రాతికి తగిలి ఆగినచో బండిలోనివారు కుదుపునకు గురియగుదురు గదా! అద్దము ఆగుటయు అట్టిదే. దాని వేగము ఊరక మాయమైపోదు. కెమేరా పెట్టెకును, దానినుండి లెన్సునకును, స్టాండునకును సంక్రమించును. మీటిన తంబుర తీగవలె పరికరమంతయు కంపించి, క్రమముగా సద్దుమణుగును. ఆ కంపము సద్దుమణుగక ముందే షట్టరు తెరచుకొనుటలోనే చిక్కంతయు ఉన్నది.

ఇందులో షట్టరునకు కూడ పాలు కలదు. 35 మి.మీ. రిఫ్లెక్సు కెమేరాలలో పెక్కింట ఫిల్మునకు ముందర రెండు తెరలుండును. మొదటి తెర పరుగెత్తి వెలుగునకు దారి యిచ్చును; రెండవ తెర దాని వెనుకనే వచ్చి దారి మూయును. మొదటి తెర అవతలి యంచును తాకి ఆగినప్పుడు మఱియొక కుదుపు కలుగును. రెండవ తెర ఆగినప్పుడును కుదుపు కలుగునుగాని, అప్పటికి చిత్రము పూర్తియైనది గనుక దానివలన నష్టము లేదు. కనుక అద్దమును ముందే పైకెత్తి నిలిపినను, మొదటి తెర కుదుపు కొంత మిగిలియే ఉండును. లెన్సులోపల అమర్చు రేకుల షట్టరులో ఈ బాధ చాల తక్కువ. అందలి రేకులు పలుచనివి, తేలికయైనవి. అవి పూవు విచ్చినట్లు మధ్యనుండి అన్ని వైపులకును ఒక్కసారిగా తెరచుకొనుటచే ఒక రేకు తోపును ఎదుటి రేకు తోపు చాలవఱకు రద్దు చేయును.

వెండ్రుకలో ఏడవ వంతు

ఇంత చిన్న కుదుపు అంత దిట్టమైన పరికరమును కదిలించునా యని సందేహము కలుగవచ్చును. కదలిక ఎంత స్వల్పమైనను చాలునో లెక్క వేసి చూతము. మంచి సన్నని రేణువుల ఫిల్ము 1 మిల్లీమీటరు వెడల్పులో 100 జతల నలుపు తెలుపు గీతలను విడివిడిగా చూపగలదు. చిత్రము పడుచుండగా ప్రతిబింబము మిల్లీమీటరులో నూరవ వంతు జరిగినచో ఆ గీతలు ఒకదానిలో ఒకటి కలిసి బూడిదరంగుగా మాఱును. వేలు ధారపోసి కొన్న లెన్సు శక్తియు, ఫిల్ము శక్తియు అక్కడనే వ్యర్థమగును.

200 మి.మీ. లెన్సును తీసికొందము. ఫిల్మునకు 200 మి.మీ. దూరముననున్న దాని ముందుకొన, కెమేరా వెనుకభాగము కదలకుండ, మిల్లీమీటరులో నూరవ వంతు క్రిందికి వంగినదనుకొందము. అప్పుడు ప్రతిబింబమును ఫిల్ముపై ఇంచుమించు అంతయే జరుగును. తల వెండ్రుక మందము సుమారు 0.07 మి.మీ. ఉండునని తలచినచో, వెండ్రుకలో ఏడవ వంతు వంగుట చాలునన్నమాట! ఇదే వంపునకు 50 మి.మీ. లెన్సులో ప్రతిబింబము నాలుగవ వంతు మాత్రమే జరుగును, 400 మి.మీ. లెన్సులో రెండింతలు జరుగును. పొడవైన లెన్సుతో దూరపు వస్తువును దగ్గఱకు తెచ్చుకొనువాడు తన కెమేరా వణకును కూడ అంతగాను పెంచుకొనుచున్నాడు. చేతితో పట్టుకొని తీయునప్పుడు 200 మి.మీ. లెన్సునకు సెకనులో 200వ వంతుకంటె నెమ్మది వేగము పనికిరాదను వాడుక సూత్రము కూడ ఇందుండి పుట్టినదే.

ప్రమాదపు వేగములు

షట్టరు ఎక్కువసేపు తెరచియున్నకొలదియు వణకు ఎక్కువగా పట్టుబడునని తోచుట సహజము. స్టాండుపై నున్న కెమేరా విషయమున ఇది సత్యము కాదు. అద్దపు కుదుపు సెకనులో పదవ వంతుపాటు నిలుచునని ఉదాహరణకు అనుకొందము. షట్టరు 1/1000 సెకను మాత్రమే తెరచియున్నచో, ఆ అత్యల్ప కాలములో కెమేరా కదలగల దూరము బహు స్వల్పము. చిత్రము స్పష్టముగానే వచ్చును. షట్టరు 4 సెకనులు తెరచియున్నచో, వణకు పట్టినది అందులో నలువదవ వంతు కాలము మాత్రమే. మిగిలిన కాలమంతయు కెమేరా నిశ్చలముగా నుండి, స్థిరమైన ప్రతిబింబమే ఫిల్ముపై ముద్రపడును. వణకిన ప్రతిబింబము దానిక్రింద అణగిపోవును. కాని షట్టరు 1/8 సెకను తెరచియున్నప్పుడో? తెరచియున్న కాలములో అధికభాగము వణకుతోనే గడచిపోవును. అందుచేతనే సుమారు 1/30 మొదలు 1/2 సెకను వఱకుగల వేగములను అనుభవజ్ఞులు ప్రమాదపు వేగములుగా ఎంచుదురు. లెన్సు పొడవును, స్టాండు దిట్టతనమును, కెమేరా నిర్మాణమును బట్టి ఈ హద్దులు కొంత ఇటునటు జరుగును; 1/60 వద్ద కూడ దోషము కనబడు సందర్భములు కలవు.

ఇందులో ఒక విచిత్రమున్నది. అజాగ్రత్తగా తీయువాడు ఈ చిక్కులో అంతగా పడడు. అతడు ఎండలో కెమేరా చేతబట్టి 1/250 వేగముతో తీసి పోవును. శ్రద్ధగా పనిచేయువాడే ఇందులో పడును. శిథిలమగుచున్న తాళపత్ర గ్రంథమును ఫిల్ముపై ఎక్కింపబూనిన వానిని తలచుకొనుడు. అతడు సన్నని రేణువులకై మందమైన ఫిల్మును వాడును. ఆకుల వంకర వలన ఫోకసు తప్పకుండుటకై లెన్సు కన్నమును చిన్నది చేయును. ఆకునకు హాని కలుగకుండుటకై దీపపు వెలుగును మితముగా నుంచును. ఈ మూడును మంచి పనులే. మూడును కలిసి షట్టరు వేగమును సరిగా 1/8 వద్దకో, 1/4 వద్దకో దింపును. దగ్గఱనుండి తీయుటచే వణకు ఇంకను పెద్దదై కనబడును. గంటము గీసిన గీత సన్నగా నుండవలసిన చోట రెండుగానో, దళసరిగానో పడును. కొంతకాలమునకు ఆకు పొడియై రాలిపోవును. ఫిల్ము మాత్రము మిగులును. ఒక అక్షరము ‘ప’ యో ‘వ’ యో తెలియక పండితుడు భూతద్దముతో వెదకుకొనునప్పుడు, ఆ సందేహము లేఖకుని చేతిది కాదు, కెమేరా అద్దముదని అతనికి ఎవ్వరు చెప్పగలరు?

చప్పుడును నమ్మరాదు

చప్పుడు ఎక్కువగా చేయు కెమేరా ఎక్కువగా వణకునని ఒక నమ్మకము కలదు. ఇది కొంతవఱకే నిజము. మనకు వినబడు చప్పుడులో గొప్పభాగము రెండవ తెర ఆగినప్పుడును, అద్దము తిరిగి క్రిందికి పడినప్పుడును పుట్టునది. అప్పటికి ఫిల్ముపై చిత్రము ముగిసినది. పెండ్లి ముగిసిన తరువాత వచ్చిన వానవలె ఆ కుదుపు ఎవరిని ఏమియు చేయదు. హాని చేయునది అద్దము పైకి పోయి తగులుటయే.

ఈ తేడా కెమేరా చరిత్రలోను కానవచ్చును. 1936లో జర్మనీయందు డ్రెస్డెను నగరపు ఇహగీ సంస్థ వెలువరించిన కినే ఎక్సాక్టా 35 మి.మీ. రిఫ్లెక్సు కెమేరాలకు దారి చూపినది. దాని అద్దము ఒకమాఱు లేచినచో ఫిల్మును చుట్టువఱకు క్రిందికి దిగదు. అంతవఱకు కంటికి చీకటియే. మీట వదలక ముందే అద్దము తనంతట తాను దిగు ఏర్పాటు హంగేరీయందు 1949 ప్రాంతమున డ్యూఫ్లెక్సు అను కెమేరాలో వచ్చినదిగాని, అది కొద్దిపాటిగానే తయారైనది. 1954లో జపాను దేశపు అసాహీ సంస్థ తన అసాహీఫ్లెక్సు కెమేరాలో ఈ ఏర్పాటు చేసి దానిని లోకమునకు అలవాటు చేసినది. చూచువానికి ఇది గొప్ప మేలు. చిత్రపు స్పష్టతకు మాత్రము దీనివలన లాభమును లేదు, నష్టమును లేదు; దిగు అద్దము దోషి కాదు గదా!

తయారుచేయువారి యత్నములు

ఎక్కు అద్దమును మెత్తగా ఆపుటకు తయారుచేయువారు అనేక విధముల యత్నించిరి. 1959లో వచ్చిన నైకాన్ ఎఫ్ కెమేరాలో అద్దమును పైకెత్తి నిలుపు ఏర్పాటు కలదు; కాని అందుకొఱకు ఒక ఫిల్ము చట్రమును వృథా చేయవలసివచ్చెడిది. 1971లో వచ్చిన ఎఫ్2 లో ఆ లోపము తొలగినది. ఒలింపస్ సంస్థలో యొషిహిసా మైతాని రూపొందించగా 1972లో ఎం-1 అను పేర వెలువడి, పిదప ఓఎం-1 గా ప్రసిద్ధికెక్కిన చిన్న కెమేరాలో అద్దపు తాకిడిని గాలి ఒత్తిడితో మెత్తపఱచు సాధనమును అమర్చిరి. బరువైన కెమేరా తన బరువుతోనే కుదుపును కొంత అణచుకొనును. తేలికయైన కెమేరాకు ఆ వీలు లేదు. కాబట్టి చిన్నదానిని తయారుచేయువాడు ఈ విషయమున ఎక్కువ శ్రద్ధ వహింపవలసివచ్చినది.

1965లో కెనాన్ సంస్థ పెల్లిక్సు అను కెమేరాతో సమస్యను మొదలంట తీసివేయజూచినది. అందలి అద్దము కదలనే కదలదు. అది పలుచని పొర; వెలుగులో సుమారు మూడవ వంతును కంటికి పంపి, తక్కినదానిని తనలోనుండి ఫిల్మునకు పోనిచ్చును. వణకు పోయినదిగాని వెలుగులో కొంత పోయినది, చూపును మందగించినది.

పెద్ద ఫిల్ము వాడు కెమేరాలలో అద్దమును పెద్దదే. 1969లో వచ్చిన అసాహీ పెంటాక్సు 6×7 కెమేరాలో అద్దమును పెద్దది, తెరలును పెద్దవి. దాని మొదటి నమూనాలలో అద్దమును నిలుపు ఏర్పాటు లేదు. తరువాతివాటిలో దానిని చేర్చిరి. 1957 నాటి హాసెల్‌బ్లాడ్ 500సి లో షట్టరు లెన్సులోపలి రేకులది. అద్దమును ముందుగానే లేపుకొను మీటయు దానికి ఉన్నది. పనిలో ఓపికగలవానికి ఈ రెండును కలిసి మంచి రక్షణ.

అద్దమే లేని కెమేరాల సంగతి వేఱు. 1925లో మార్కెట్టునకు వచ్చిన లైకా కెమేరాలో కదలు అద్దము లేదు. 1929 నాటి రోలీఫ్లెక్సులో చూచుటకు ఒక లెన్సు, చిత్రించుటకు ఒక లెన్సు ఉండుటచే చూపు అద్దము కదలవలసిన పనియే లేదు. అందుచేతనే మసక వెలుతురులో 1/15 వేగముతో చేతబట్టి తీసిన చిత్రములు వీనిలో తఱచుగా బాగుండును. కాని వీనికి తగిన లోపములు వీనికి కలవు. రోలీఫ్లెక్సులో చూచునది ఒక లెన్సు, తీయునది వేఱొక లెన్సు గనుక దగ్గఱి వస్తువులయందు చూపునకును చిత్రమునకును తేడా వచ్చును. లైకా చూపుగవాక్షము 135 మి.మీ. దాటిన లెన్సులకు అనుకూలింపదు. పక్షిని తీయవలెనన్నను, శిఖరముపైని శిల్పమును తీయవలెనన్నను అద్దము కావలెను. సౌకర్యమును ఇచ్చిన చేతితోనే చిక్కును కూడ ఇచ్చినది ఈ అద్దము.

దోషమును గుర్తించు విధము

తమ చిత్రములలోని మసకకు కారణమేదో తెలిసికొనగోరువారికి సులభమైన పరీక్ష ఒకటి కలదు. నల్లని గుడ్డపై చిన్న ఉక్కు గుండు నుంచి, దానిపై ఎండ పడనిచ్చినచో గుండుపై సూదిమొనవంటి తళుకు కనబడును. కెమేరాను స్టాండుపై బిగించి, తమకున్న పొడవైన లెన్సుతో ఆ తళుకును 1/125 మొదలు 1 సెకను వఱకు ఒక్కొక్క వేగముతో చిత్రింపవలెను. వేగము తగ్గినకొలది లెన్సు కన్నమును చిన్నది చేసికొనవలెను. కెమేరాలో వీలున్నచో అద్దమును నిలిపి ఒక వరుస, నిలుపక ఒక వరుస తీయవలెను. నెగటివును కడిగిన పిమ్మట భూతద్దముతో చూడవలెను.

తళుకు గుండ్రని బిళ్లవలె నున్నచో ఫోకసు తప్పినదని అర్థము. నిలువు గీతవలె సాగినచో అద్దమును అనుమానింపవలెను. ఏలయన అద్దపు తాకిడి కెమేరాను పైకి క్రిందికి ఊపును. అద్దమును నిలిపినను అడ్డగీత కనబడినచో, అడ్డముగా పరుగెత్తు తెరల పని యనుకొనవచ్చును. అన్ని వేగములలోను చుక్క చుక్కగానే యున్నచో ఆ పరికరమునకు నమస్కరించి పని సాగించుకొనవచ్చును. ఒక్క రీలు ఖర్చుతో ఈ సంగతి తేలిపోవును. కొత్త లెన్సు ఖర్చుతో తేలదు.

పైస ఖర్చులేని చికిత్స

అద్దమును నిలుపు మీట ఉన్న కెమేరా అయినచో, చట్రమును కుదుర్చుకొని, ఫోకసు చేసి, అద్దమును లేపి, రెండు మూడు సెకనులు ఆగి, కేబులుతో షట్టరు నొక్కవలెను. ఆగుటయే ఇందులో ముఖ్యము. అద్దమును లేపిన మఱుక్షణమే నొక్కినచో లేపిన ఫలము దక్కదు. 1982లో వచ్చిన నైకాన్ ఎఫ్ఎం2 వంటి కొన్ని కెమేరాలలో అట్టి మీట లేదుగాని, స్వయంచాలక టైమరును వాడినచో మొదటనే అద్దము లేచి, కొన్ని సెకనుల పిమ్మట షట్టరు తెరచుకొనును. కదలని వస్తువులకు ఇది చక్కని ఉపాయము. 1976 నుండి 1997 వఱకు తయారై విద్యార్థుల చేతులలో విరివిగా తిరిగిన పెంటాక్సు కె1000 లో అద్దమును నిలుపు మీటయు లేదు, టైమరును లేదు. అట్టి కెమేరా కలవారు వేగమును ఎన్నుకొనుటలోనే నేర్పు చూపవలెను: వెలుగున్నచో 1/250 కు పెంచుట, లేనిచో కన్నమును ఇంకను చిన్నది చేసి 2 సెకనులకో, 4 సెకనులకో దించుట. నడుమ ఉన్న ప్రమాదపు వేగములను వదలివేయుటయే వారికి రక్ష. అయితే 1 సెకనుకంటె ఎక్కువసేపు తీయునప్పుడు ఫిల్ము చురుకు కొంత తగ్గును గనుక, తయారుచేసినవారు సూచించినట్లు కాలమును కొంత పెంచవలెను.

స్టాండు సంగతి కూడ చెప్పవలెను. నిండుకుండ తొణకదను సామెత ఇక్కడ అక్షరాల చెల్లును. నడిమి కఱ్ఱను పైకి సాచక, కాళ్లను వెడల్పుగా చాపి, నడుమ బరువైన సంచిని వ్రేలాడదీసినచో కంపము తగ్గును. ఆ సంచి గాలికి ఊగకుండ నేలను కొంచెము తాకుచుండుట మంచిది. పొడవైన లెన్సును ఒక్కచోటనే గాక రెండుచోట్ల ఆనించుట ఇంకను మేలు.

వీనన్నిటికంటె పాతదియు, నమ్మదగినదియు అగు ఉపాయము మఱియొకటి కలదు. గాజుపలకలపై చిత్రములు తీసిన కాలమున పెద్ద చెక్క కెమేరాకు పలుమాఱు లెన్సు మూతయే షట్టరు. నల్లగుడ్డ కప్పుకొని ఫోకసు చేసిన ఫోటోగ్రాఫరు బయటికి వచ్చి, మూతను మెల్లగా తీసి, లెక్క పెట్టి, తిరిగి మూసెడివాడు. అందులో స్ప్రింగు లేదు, అద్దము లేదు, కుదుపు లేదు. ఆకాశమును చిత్రించువారు ఈ ఉపాయమును నేటికిని వదలలేదు. లెన్సునకు తగులకుండ దాని ముందర నల్లని అట్టను పట్టుకొని, షట్టరును తెరచి, వణకు సద్దుమణిగిన పిమ్మట అట్టను తొలగింతురు. చాలినంత వెలుగు పడగానే మఱల అడ్డము పెట్టుదురు. అద్దపు కుదుపును, తెర కుదుపును రెండును ఆ అట్టచాటుననే గడచిపోవును. తాళపత్రమును చిత్రించువాడు దీపమును ఇంకొంచెము తగ్గించి, కాలమును 8 సెకనులకు పెంచి, ఈ అట్టను వాడినచో గంటపు గీత గీతగానే నిలుచును.

అద్దములేని నేటి డిజిటలు కెమేరాలలో సైతము తెర కుదుపు మొదట కొంతకాలము బాధించినది. తెర కదలకుండ విద్యుత్తుతో చిత్రమును మొదలుపెట్టు పద్ధతి వచ్చినమీదట అది చాలవఱకు తీరినది. ఫిల్మునకు ఆ మార్గము లేదు. అక్కడ వెలుగునకు తలుపు తీయవలెనన్న ఏదో ఒక వస్తువు కదలి తీరవలెను. కదలినది ఆగి తీరవలెను. దానిని మాన్పజాలము. అది సద్దుమణుగువఱకు వేచియుండుట మాత్రము మన చేతిలోని పని.

ఆడలేక మద్దెల ఓడన్నట్లు మంచి లెన్సును తిట్టి మార్చుకొనుటకు ముందు, మూడు సెకనులు ఆగి చూడుడు. నిదానమే ప్రధానమను మాట ఫోటోగ్రాఫరునకు నీతివాక్యము మాత్రమే కాదు, కొలతకు నిలుచు సత్యము. ఫలితమును నెగటివుపై భూతద్దముంచి చూచుకొనవచ్చును.